బొంగరం తల

జిగురు ఆరేదాకా ఆగడం అతనికి ఈ జన్మకు చేతకాని పని. చెక్కలు అతికించి, బిగింపులు వేసి, ఇక రేపటిదాకా దీని జోలికి రానని పైకే అంటాడు. అని టీ తాగడానికి లోపలికి వెళ్తాడు. గ్లాసు సగం కాకముందే లేచి వచ్చి, ఒక మరను కాస్త తిప్పి, అంచున పొంగిన జిగురును వేలితో తాకి, వాసన చూసి, మళ్లీ లోపలికి పోతాడు. మిగతా సగం అప్పటికి చల్లారిపోయి ఉంటుంది. టీ చేసినవాళ్లదే తప్పన్నట్టు విసుక్కుంటాడు. టీ చేసింది తనే.

బడిలో బెంచీ మీద నిలవలేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే పంతులుగారు అతనికి బొంగరం అని పేరు పెట్టారు. అసలు పేరు రేషను కార్డులో ఒక మూల పడి ఉంది. ఊరంతటికీ, కట్టుకున్న భార్యకీ, చివరికి కన్నతల్లికీ అతను బొంగరమే. ఆ తల్లి పోయేముందు కూడా మా బొంగరం ఎక్కడ తిరుగుతున్నాడు అనే అడిగింది. మంచం పక్కనే ఉన్నాడు, కానీ నిలబడి ఉన్నాడు.

పడుచుతనంలో కుర్చీల కార్ఖానాలో కాళ్లు చెక్కేవాడు. భార్య అక్కడే మెత్తలు కుట్టే విభాగంలో ఉండేది. ఇన్ని కుర్చీలు చేసిన మనిషి ఒక్కదాంట్లోనూ కూర్చున్న పాపాన పోలేదని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. పనిలో కలిసినవాళ్లు కనక ఇద్దరి మధ్యా మీరు అనే మాట ఎప్పుడూ రాలేదు. నువ్వు అంటే నువ్వు అనుకుంటూనే పెళ్లి చేసుకున్నారు, నువ్వు అంటే నువ్వు అనుకుంటూనే దెబ్బలాడుకుంటారు.

పక్కింటాయన మెడ విరిగిన గిటార్ ఒకటి తెచ్చి అతికించి పెట్టమన్న రోజున అతని జీవితం దారి మళ్లింది. అది బేస్ గిటార్. నాలుగే తీగలు, చిటికెన వేలంత మందాన. అతికించాక పక్కింటాయన తీగ మీటుతుంటే, అతుకు నిలిచిందా లేదా అని ఇతను గిటార్ ఒంటి మీద అరచెయ్యి పెట్టాడు. ఆ అదురు మణికట్టు దాటి పక్కటెముకల్లోకి వెళ్లింది. చెవితో వినే సంగీతం అతనికి ఎప్పుడూ ఒంటబట్టలేదు. ఎముకలతో వినేది ఒకటుందని అప్పుడే తెలిసింది. ఏడాది తిరక్కుండా కార్ఖానా మానేశాడు.

ఇప్పుడతనికి వీధి చివర రేకుల షెడ్డు ఉంది. ముందు భాగంలో భార్య కుట్టు మిషను, గిటార్ సంచులు, భుజం పట్టీలు. వెనక భాగమంతా అతనిది: గోడకు నిలబెట్టిన పలకలు, బల్ల, రంపాలు, ఎక్కడ చూసినా పొట్టు. గిరాకీ బాగానే ఉంది. అతను చేసే గిటార్లకు తల బొంగరం ఆకారంలో ఉంటుంది. తల అంటే మెడ చివర, తీగలు బిగించే బిరడాలుండే చోటు. మెడ దగ్గర వెడల్పుగా మొదలై, సన్నబడుతూ పోయి, కొసన ఒక ఇత్తడి ములికి. వేరే ముద్ర లేదు, సంతకం లేదు. వేదిక మీద ఎవరు వాయిస్తున్నా హాల్లో ఆఖరి వరస నుంచే బొంగరం గిటార్ అని గుర్తుపడతారు. అతను కచేరీలకు వెళ్లేది పాట కోసం కాదు. తన తల కనిపిస్తే చాలు, దీపాల వెలుగులో ఆ ఇత్తడి కొస మెరిస్తే చాలు, అక్కడికి పాట అయిపోయినట్టే. లేచి వచ్చేస్తాడు.

అతనికొక పట్టింపు కూడా ఉంది. పని పూర్తయి, మెరుగు పట్టి, సంచిలో పెట్టేదాకా కొన్నవాళ్లకు గిటార్ చూపించడు. సగం పనిలో చూస్తే మనసు విరుగుతుందంటాడు. నిజానికి ఎదుట మనిషి నిలబడి చూస్తుంటే అతని చేతులు ఇంకా తొందరపడతాయి. ఆ సంగతి భార్యకు తెలుసు గానీ ఎప్పుడూ అనలేదు.

ఆ వేసవి చివర బేస్ వాయించే ఒకావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి. పెద్ద హోటల్ హాల్లో సాయంత్రాలు పాడే బృందంలో ఏనాటి నుంచో వాయిస్తోంది. స్కూటర్ మీద నుంచి పడి ఎడమ భుజం విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ భుజం మాత్రం ఆవిడ మాట వినడం మానేసింది. గిటార్ పట్టీ వేలాడేది ఆ భుజానికే. ఆవిడ పాత గిటార్ బరువు చూస్తే ఇనప్పెట్టె. రెండు పాటలయ్యేసరికి చెయ్యి తిమ్మిరెక్కి, వేళ్లున్నాయో లేదో తెలియడం లేదు. కూర్చుని వాయించమంటే హోటల్ వాళ్లు ఒప్పుకోరు. వాళ్లు ఒప్పుకున్నా ఆవిడ ఒప్పుకోదు. బృందం పెద్దాయన ప్రస్తుతానికి మరొకతన్ని పెట్టుకున్నారు. హోటల్‌తో కొత్త ఒప్పందం త్వరలోనే ఉంది. ఈలోగా రిహార్సల్లో ఒక పూర్తి సాయంత్రం నిలబడి వాయించగలిగితే ఆవిడ, లేదంటే అతను. ఇది ఆయన దాచకుండా చెప్పేశారట.

"బరువు లేని గిటార్ చేయగలరా మేస్త్రిగారూ? చేయలేకపోతే ఇప్పుడే చెప్పేయండి. నేను ఆశ పెట్టుకోను" అంది.

ఆవిడ మాట పూర్తికాకుండానే చేస్తానమ్మా అనేశాడు. అప్పటికే కాళ్లు పలకల వైపు నడుస్తున్నాయి.

గోధుమరంగు కాగితం నేల మీద పరిచి, దాని చుట్టూ తిరుగుతూ, వంగి ఒక గీత, లేచి రెండు చుట్లు, మళ్లీ వంగి ఒక గీత, ఇలా గిటార్ బొమ్మ గీశాడు. ఒంటికి తేలిక చెక్క. పలకల్ని వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి, ఖంగుమనేదాన్ని తీశాడు. లోపలంతా గదులు గదులుగా తొలిచి, పైన పలచని చెక్క మూతగా అతికించాలి. మెడకు మాత్రం రాజీ లేదు. నాలుగు మోటు తీగలు లాగే లాగుడుకు మెత్తని చెక్కయితే విల్లులా వంగుతుంది. అందుకని గట్టి చెక్క బద్దల్ని పక్కపక్కనే అతికించి, లోపల ఇనప కడ్డీ పెట్టి మెడ చేశాడు. దాని కొసన తన బొంగరం తల, ఎప్పటికన్నా నాజూగ్గా, ఎప్పటికన్నా పెద్దగా. ఈ గిటార్ పదిమంది నోళ్లలో పడుతుందని అతనికి గట్టి నమ్మకం.

తొలవడం మొదలుపెట్టాక అతన్ని ఆపడం ఎవరి తరం కాలేదు. ప్రయాణాల్లో పెట్టెలు తూచే కొక్కెం త్రాసు ఒకటి దూలానికి కట్టాడు. కాస్త తొలవడం, తగిలించి చూడడం. ముల్లు తగ్గితే చిన్నపిల్లాడిలా సంబరపడిపోవడం. ఇక చాలు అని ఉలి కింద పెట్టి, చేతులు కడుక్కుని, భోజనానికి కూర్చున్నాక, ఎడమ పక్క గోడ ఇంకా మందంగా ఉందేమో అన్న అనుమానం పురుగులా తొలిచేది. ఎంగిలి చేత్తోనే లేచేవాడు.

"ఇలాగే తొలువు. చివరికి ఆవిడకి ఉత్త సంచి ఇచ్చి పంపుదాం" అంది భార్య.

మరో రోజు, ఆ మనిషిని ఒకసారి పిలిచి ఒంటికి తగిలించి చూడరాదా అని కూడా అడిగింది. చొక్కా కుట్టినా మధ్యలో ఒకసారి వేసి చూస్తాం కదా అంది. ఇది చొక్కా కాదన్నాడు. తన పట్టింపు సంగతి గుర్తుచేశాడు. తీగలు వేశాక తన ఎత్తు పీట మీద ఒక మూల ఆనుకుని, గిటార్ తొడ మీద పెట్టుకుని, తనకు వచ్చిన నాలుగు ముక్కలూ వాయించి చూసుకున్నాడు. ఎప్పుడూ చేసే పరీక్ష అదే. మోత పొట్టలోకి దిగింది. గాల్లో తేలిపోయాడు.

గిటార్ తీసుకోవడానికి వచ్చిన రోజున ఆవిడ సంచిలో నుంచి దాన్ని ఒంటి చేత్తో ఎత్తి, ఇది నిజంగా గిటారేనా అని నవ్వింది. ఆ నవ్వు చూసి మొగుడూ పెళ్లాలిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆవిడ పట్టీ భుజాన వేసుకుని నిలబడింది. మోత పెంచే మర తిప్పుదామని కుడి చెయ్యి కిందికి పోనిచ్చి, ఎడమ చెయ్యి మెడ మీద నుంచి తీసింది.

గిటార్ మెడ నెమ్మదిగా, రైల్వే గేటు దిగినట్టు, నేల వైపు దిగింది.

ఆవిడ చటుక్కున పట్టుకుని పైకి ఎత్తింది. వాయించడం మొదలుపెట్టింది. మోత బ్రహ్మాండంగా ఉంది. కానీ మెడను కింద పడకుండా మోస్తున్నది ఆ ఎడమ చెయ్యే. వాయిస్తున్నకొద్దీ ఆ భుజం పైకి లేస్తూ లేస్తూ చెవి దగ్గరికి వచ్చేసింది.

ఎక్కడ దెబ్బతిన్నాడో బొంగరానికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఆ పాత గిటార్లో ఇనప్పెట్టెలాంటి ఒళ్లే మెడను పైకి పట్టి ఉంచేది. తను ఆ పట్టునే తొలిచి పొట్టుగా ఊడ్చేశాడు. ఒళ్లు తేలికయిన కొద్దీ మెడ వాలిపోతుంది. పీట మీద ఆనుకుని తొడ మీద పెట్టుకున్నవాడికి అది ఎలా తెలుస్తుంది? తొడ, మోచెయ్యి కలిసి తప్పును దాచిపెట్టాయి. ఒక్కసారి నిలబడి చూసి ఉంటే చాలు. కూర్చోవడమే ఎరగని మనిషి, నిలబడి చూడాల్సిన ఒక్క చోట కూర్చున్నాడు.

"చాలా బాగుందండీ. అలవాటు చేసుకుంటాను" అంది ఆవిడ.

"అబద్ధం చెప్పకండమ్మా" అన్నాడు.

ఆవిడ పట్టీ తీసి, గిటార్‌ను బల్ల మీద జాగ్రత్తగా పడుకోబెట్టింది. మేస్త్రి చేయగలిగింది చేశారని, తన భుజానికే ఇష్టం లేనట్టుందని, రేపు వెళ్లి పెద్దాయనకు మానేస్తున్నానని చెప్పేస్తానని, ఆయన కూడా అడగలేక అవస్థ పడుతున్నారని అంది. గొంతు మామూలుగానే ఉంది. అందుకే వినడం కష్టమయింది. బొంగరానికి తల కొట్టేసినట్టయింది. భార్యే ముందుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని, రిహార్సల్ దాకా ఆగమని, ఈలోగా ఎవరికీ ఏమీ చెప్పొద్దని బతిమాలి పంపింది.

ఆ తర్వాత ఆ షెడ్డులో ఉన్నవాళ్లకు మనశ్శాంతి లేదు. పట్టీతో సహా గిటార్‌ను దూలం కొక్కేనికి వేలాడదీసి, దాని చుట్టూ తిరగడమే అతని పని. ఒంటి చివర సీసపు ముక్క దూర్చాడు. మెడ లేచింది, కానీ తొలిచి తీసిన బరువంతా తిరిగి వచ్చింది. భార్య చేత గరుకు తోలు పట్టీ కుట్టించాడు. అది జారకుండా నిలిచింది గానీ, తను వేసుకుని నిలబడితే చొక్కానీ చర్మాన్నీ కలిపి లాగింది. విప్పి విసిరికొట్టాడు. మళ్లీ తనే వెళ్లి ఏరుకొచ్చాడు.

తర్వాత తల మీది ఇనప బిరడాల్ని ఒక్కొక్కటే విప్పాడు. ఒక్కొక్కటి విప్పుతుంటే మెడ ఒక్కో పిసరు పైకి లేచింది. నాలుగూ విప్పాక దాదాపు లేచింది, కానీ దాదాపే. ఇక అక్కడ మిగిలింది బొంగరం తల ఒక్కటే.

చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. తల వెనక భాగం చిత్రిక పట్టి పలచన చేశాడు. లాభం లేదు. ఇత్తడి ములికి పీకాడు. లాభం లేదు. తలే లేకుండా, మెడ చివర తీగల్ని ఒక కట్టుతో బిగించి, బిరడాల్ని ఒంటి అడుగుకు మార్చే పద్ధతి ఒకటుందని అతనికి తెలుసు. అలాంటి గిటార్లను చూసినప్పుడల్లా మొండి చేతుల్లా ఉన్నాయని ఎగతాళి చేసింది తనే. కొయ్యనంటే కొయ్యను, నా తల తీసి నేనెలా బతకాలి అని భార్య మీద ఇంతెత్తున లేచాడు. ఆవిడ కొయ్యమని అననే లేదు. అలా అరిచి, ఆ కోపంలోనే అతను లేత్ షాపుకు వెళ్లి, ఒంటి అడుగున బిగించే ఇత్తడి బిరడాలు, మెడ చివరి కట్టు ఎలా ఉండాలో గీసి ఇచ్చి వచ్చాడు. ఊరికే చేయించి పెట్టుకుంటానన్నాడు.

అవి వచ్చాక కూడా బల్ల చుట్టూ తిరిగాడు. నేల మీది బొమ్మ దగ్గర కూర్చుని, తల ఉన్న చోట అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తుంటే భార్య కంటబడ్డాడు. ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

"ఆవిడని పిలువు" అన్నాడు.

"పని కానివ్వు, పిలుద్దాం."

"ఇప్పుడే పిలువు. ఒక్కణ్ణే ఉంటే కొయ్యను. ఇంకేదో చిన్న ముక్క తీసి సరిపెట్టేస్తాను. నా సంగతి నాకు తెలుసు."

రిహార్సల్ రోజు మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. మెరుగు పట్టని, తీగలు లేని, తల మీద చిత్రిక గాట్లు పడిన గిటార్‌ను అతను మొదటిసారి ఒక కొన్న మనిషికి సగం పనిలో చూపించాడు. చూపిస్తుంటే బట్టలు లేకుండా వీధిలో నిలబడినంత సిగ్గేసింది. ఏం చేయబోతున్నాడో చెప్పాడు. ఆవిడ వద్దంది.

"అది మీ పేరు కదండీ" అంది.

"పేరు బరువుగా ఉందమ్మా" అన్నాడు.

మెడను పాత గుడ్డలు చుట్టి బిగింపులో పెట్టాడు. తీగలు ఆనే ఎముక కమ్మీకి కాస్త ఆవల పెన్సిల్‌తో గీత గీశాడు. సన్న పళ్ల రంపం తీసుకున్నాడు. చేతులు తొందరపడతాయేమోనని భయపడ్డాడు. తొందరపడలేదు. అసలు కదలనే లేదు. భార్య వచ్చి చెక్క రెండో కొస పట్టుకుంది. అప్పుడు రంపం నడిచింది. గట్టి చెక్క, తనే ఏరి తెచ్చిన చెక్క, కోతకు లొంగనని మొరాయించింది. తల తెగి భార్య చేతిలోకి వచ్చేసరికి అతని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పొట్టు పడిందన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఆ తర్వాత పని గబగబా సాగింది. కట్టు బిగించాడు, ఒంటి అడుగున బిరడాలు పొదిగాడు, తీగలు వేశాడు. ఆవిడ భుజాన వేసుకుంటే, పట్టీ తగిలించే మీట పెట్టిన చోటు నచ్చక విప్పి, మెడ పక్కన ఒంటికి ఉండే కొమ్ము చివరకంటా మార్చి, మళ్లీ వేసుకోమన్నాడు. ఇది విప్పడం, అది బిగించడం, నిలబడమ్మా, ఇటు తిరగమ్మా. ఆవిడ విసుక్కోకుండా తిరిగింది. మెడ కొసన కోసిన చోటు పచ్చిగా, కట్టెపుల్ల విరిచినట్టు కనిపిస్తోంది. దానికి రంగు వేయడానికి వ్యవధి లేదు. అలాగే సంచిలో పెట్టారు. ఎక్కడ ఏం వదులవుతుందోనని పనిముట్ల సంచి భుజాన వేసుకుని అతనూ వెంట వెళ్లాడు.

రిహార్సల్ ఒక మేడ మీది గదిలో. గోడలకు పాత పరుపులు, నేలంతా వైర్లు. ఆవిడ బదులు వాయిస్తున్న అతను ఒక మూల కుర్చీలో, సంచి తెరిచి, తన గిటార్ మెడ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. పిలుపు వస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నాడు. చెడ్డవాడేం కాదు, ఆవిడకు నమస్కారం కూడా పెట్టాడు. బృందం పెద్దాయన గుమ్మంలో నిలబడ్డ బొంగరాన్ని చూసి మీరెవరండీ అని అడిగారు. బొంగరం ఆవిడ చేతిలోని గిటార్ వైపు చూపించబోయాడు. చూపించడానికి దాని మీద ఏమీ లేదు. వడ్రంగినండీ, ఏదైనా వదులైతే బిగించడానికి వచ్చానండీ అన్నాడు. ఆయన తల ఊపి, ఒక పక్కగా నిలబడమన్నారు.

పాటలు మొదలయ్యాయి. బొంగరం ఆ పచ్చి కొస వైపే చూస్తూ నిలబడ్డాడు. తీగ జారుతుందేమో, కట్టు ఊడుతుందేమోనని, మరలు తిప్పే చువ్వ చేత్తో పట్టుకునే ఉన్నాడు. ఒక పాట అయింది. ఇంకోటి అయింది. ఆవిడ భుజం లేవలేదు. పెద్దాయన పాడుతూనే ఆ భుజం వైపు చూస్తున్నారు. మూల కుర్చీలో అతనూ అటే చూస్తున్నాడు. గదిలో ఆ భుజం గురించి పట్టనిది ఒక్క ఆవిడకే. ఇన్ని రోజులు పడ్డ అవస్థకు ఒక్కసారన్నా గిటార్ వైపు చూసుకుని మురుస్తుందేమోనని బొంగరం ఎదురుచూశాడు. ఆవిడ చూడలేదు. డ్రమ్ముల వైపు చూసింది, పెద్దాయన వైపు చూసింది, పాట మధ్యలో ఎవరో తప్పు వాయిస్తే అటు చూసి నవ్వింది. చేతిలో ఒక వస్తువుందనే స్పృహే లేదు. అతనికి ముందు చివుక్కుమంది.

తర్వాతి పాట మధ్యలో డ్రమ్ములు ఒక్కటే మోగే చోటు వచ్చింది. ఆవిడకు అక్కడ పని లేదు. కళ్లద్దాలు చెమటకు మసకబారినట్టున్నాయి. రెండు చేతులూ గిటార్ మీద నుంచి తీసేసి, అద్దాలు తీసి, చొక్కా అంచుతో తాపీగా తుడుచుకోసాగింది. ఒక అద్దం తుడిచింది, వెలుగుకు ఎత్తి చూసింది, మరక పోలేదని మళ్లీ తుడిచింది. గిటార్ ఆవిడ పొట్ట మీద, నేలకు సమాంతరంగా, పిసరంత కూడా వాలకుండా నిలబడి ఉంది.

తను చేసిన గిటార్లన్నిటిలో మంచిది ఇదేనని, దీన్ని తనదని ఎవరూ ఎప్పటికీ గుర్తుపట్టరని బొంగరానికి ఒక్కసారే తెలిసింది. పెద్దాయన అప్పటికే ఆవిడ వైపు వంగి, దీని తర్వాత ఏది అందుకుందాం అని పాత రోజుల్లో అడిగినట్టే అడుగుతున్నారు. మూల కుర్చీలో అతను తన సంచి జిప్పు నెమ్మదిగా మూసుకున్నాడు. ఆవిడ అద్దాలు పెట్టుకుని, పాట పేరు చెప్పి, కిందికి చూడకుండానే చేతులు దించింది. తీగలు అవి ఉండాల్సిన చోటే ఉన్నాయి.